మంత్రం పేరు పైకి చెప్పాలి

పోయిన నెల పెద్దమ్మ కంటి ఆపరేషనుకని గుంటూరు వచ్చి, మా ఫ్లాటులో అయిదు రోజులుంది. వచ్చేటప్పుడు స్టీలు డబ్బా నిండా పండుమిరప పచ్చడి, తడిగుడ్డలో చుట్టిన గోంగూర కట్టలు తెచ్చింది. ఎనభై దాటినా ఆవిడ చేతులు ఊరుకోవు. కంటికి కట్టు కట్టి కదలొద్దన్నారని, రెండో కన్ను ఎప్పుడో మసకబారిందని మంచం మీద కూర్చోబెడితే, కూర్చున్నచోటే తడుముకుంటూ దుప్పటి అంచులు సరిచేస్తూ ఉండేది. రెండో రోజు మధ్యాహ్నం పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తున్నాను. మధ్యలో అడ్డొచ్చి, "ఏమ్మా, ఆ బొమ్మల కార్డులు ఇంకా ఉన్నాయా? మీ పెదనాన్నా నువ్వూ ఆడేవాళ్లే, అవి" అంది. హాస్టలు మారేటప్పుడు ఎక్కడో పోయాయని చెప్పాను. "సరేలే, చదువు" అంది. చదవబోతే అక్షరాలు ఆనలేదు. ఆ కార్డుల గురించి పాతికేళ్లుగా నేను ఎవరి దగ్గరా ఎత్తని సంగతి ఒకటుంది. అది పెద్దమ్మకి ఎంత గుర్తుందో, అసలు గుర్తుందో లేదో నాకు తెలియదు.

నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. నేను ఆరో తరగతికొచ్చేసరికి అమ్మని మార్కాపురం అవతల ఒక ఊరికి బదిలీ చేశారు. అక్కడ తాగే నీళ్లు సరిగా లేవు, నన్ను వేయదగ్గ బడీ లేదు. "ఒక్క ఏడాది ఓర్చుకో తల్లీ, మళ్లీ ఇటు వేయించుకుంటా" అని ప్రత్తిపాడులో పెదనాన్న ఇంట్లో దింపి వెళ్లింది. పెదనాన్న, పెద్దమ్మ ఇద్దరే ఉండేవాళ్లు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు పెళ్లయి చిలకలూరిపేటలో ఉండేది. బడిలో నేను చేరేసరికే ఎవరి జట్లు వాళ్లకి కుదిరిపోయాయి. నన్ను నర్సమ్మ కూతురనేవాళ్లు. అందులో చెడేమీ లేదు, కానీ పేరు పెట్టి పిలవనివాళ్ల పక్కన కూర్చోవడం ఎట్లాగో నాకు తెలిసేది కాదు. ఇంటర్వెల్లో నీళ్ల కుళాయి దగ్గర నిలబడి, దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ కాలం గడిపేదాన్ని.

పెదనాన్న గొంతు గురించి ఊళ్లో కథలుగా చెప్పుకునేవాళ్లు. చేలో నిలబడి ఆయన కేకేస్తే ఇంట్లో పెద్దమ్మ అన్నం వార్చేదట. నేను ఆ గొంతు విన్నది బహు తక్కువ. మరీ చిన్నప్పుడొకసారి, "ఎవరే ఈ పిట్ట?" అని నన్ను గాల్లోకి ఎత్తినప్పుడు చెవులు గింగురుమన్నట్టు గుర్తు. చుట్టలు ఆ గొంతుని తినేశాయి. నేను వాళ్లింటికి వెళ్లడానికి ముందటేడు గుంటూరులో ఆపరేషన్ చేసి గొంతులో మాట పుట్టే పెట్టెనే తీసేశారు. మెడ కింద, చొక్కా పైగుండీ దగ్గర రేగిపండంత రంధ్రం మిగిలింది. ఊపిరంతా దానిలోంచే. దాని మీద ఎప్పుడూ పల్చటి తెల్లగుడ్డ వేలాడుతుండేది. ఇంటికొచ్చినవాళ్లు ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడేవాళ్లు, మాట పోతే చెవులు కూడా పోతాయన్నట్టు. పెద్దమ్మ మాత్రం అరిచేది కాదు, అసలు మాట్లాడటమే మానేసింది. ఆయన ఉంగరంతో గ్లాసు మీద ఒకసారి కొడితే నీళ్లు, రెండుసార్లు కొడితే రమ్మని. ఆ ఇంట్లో పొద్దుటి నుంచి పడుకునేదాకా వినిపించే మాటలు దాదాపుగా ఆ గ్లాసువే.

మాఘం వచ్చేసరికి ఊరంతా మిరపకాయల ఘాటు కమ్ముకునేది. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, గట్ల మీద వరసగా కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లు, తుమ్ములు, ముక్కుకి కట్టుకున్న తువ్వాళ్లు. మామూలు మనిషికే కళ్లు మండే గాలి, మెడలో రంధ్రంతో ఊపిరి పీల్చే మనిషికి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒకసారి దగ్గు పట్టుకుంటే పెదనాన్న మొహం కమిలిపోయేది, ఆ దగ్గు కూడా నోట్లోంచి కాదు, మెడలోంచి వచ్చేది. నలభై ఏళ్లు మిరప పండించిన మనిషి ఆ మూడు నెలలూ వెనకగదిలోంచి బయటికి రాకూడదు. పెద్దమ్మ పొద్దున్నే కిటికీకి, తలుపుకి తడిపిన దుప్పట్లు కట్టి, నాకు క్యారేజీ, ఆయనకి మెత్తగా పిసికిన అన్నం పెట్టి, కూలీలతో చేలోకి వెళ్లిపోయేది. ఆ గదిలో తడిగుడ్డ వాసన, డెట్టాలు వాసన, మూలన మూట కట్టిన పాత పత్తి వాసన ఉండేవి. ఆయనకి ఇవేవీ తెలియవు. ముక్కులోంచి గాలి పోకపోతే వాసనలు కూడా తెలియవని ఆయన ముక్కు దగ్గర మల్లెపూలు పెట్టినరోజు నాకు తెలిసింది.

కార్డులు అంతకు ముందే, దసరా సెలవుల్లో వచ్చాయి. పెద్దమ్మ చెల్లెలి కొడుకు కిరణ్ అన్నయ్య హైదరాబాదు నుంచి వచ్చి పది రోజులున్నాడు. వాళ్ల నాన్న సింగపూర్ వెళ్లినప్పుడు తెచ్చిన పెట్టె ఒకటి వెంట తెచ్చాడు. పైన మెరిసే బొమ్మలు, కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. దాని ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరిగేది కాదు, మంత్రాలాట అనేదాన్ని. ఆడే ఇద్దరూ మాంత్రికులు. ఒక్కొక్కరికీ పదిహేను ప్రాణాలు. ఎదుటివాళ్ల ప్రాణాలు ముందు ఖాళీ చేసినవాళ్లు గెలిచినట్టు. కార్డుల్లో మూడు రకాలు. నిప్పు, నీరు, గాలి బొమ్మలున్నవి శక్తి కార్డులు, వంతుకి ఒకటి చొప్పున ముందు పరుచుకోవాలి. రెక్కల పాము, రాతిమనిషి, మూడు కళ్ల నక్క లాంటివి జీవులు. ఒకసారి దిగితే చచ్చేదాకా మన ముందుండి కొట్లాడతాయి. మూడోవి మంత్రాలు. మంత్రం జీవిలా నిలవదు. ఒక్కసారి పనిచేసి దిబ్బలోకి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి పోతుంది. కానీ ఆటలోని రుచంతా వాటిలోనే ఉంది.

మంత్రం వేయడానికి ఒక వరస ఉంది. కార్డు చూపించాలి. పేరు పైకి చెప్పాలి. ఎవరి మీద వేస్తున్నామో వేలు పెట్టి చూపాలి. దానికెంత శక్తి కావాలో అన్ని శక్తి కార్డులు అడ్డంగా తిప్పాలి, తిప్పినవి మళ్లీ మన వంతొచ్చేదాకా పనికిరావు. ఇంత చేసినా మంత్రం వెంటనే తగలదు. ఎదుటివాళ్లని "బదులుందా?" అని అడగాలి. మంత్రాల్లో నిదానపువి మన వంతులోనే వేసుకోవాలి, చురుకువి మాత్రం ఎదుటివాళ్ల వంతులో కూడా బదులుగా వేయొచ్చు. ఆ బదులుకి మళ్లీ మనం బదులివ్వొచ్చు. ఇద్దరి దగ్గరా బదుళ్లు అయిపోయాక, ఆఖరున వేసిన మంత్రం ముందు జరుగుతుంది, మొదట వేసింది ఆఖరున జరుగుతుంది. నేను రాతిమనిషి మీద నిప్పులవాన వేశాననుకోండి. అవతలివాళ్లు దానికి డాలు అడ్డం వేశారు. నేను ఆ డాలు మీద "ఆపు" అనే మంత్రం, మంత్రాన్నైనా జీవి దాడినైనా అడ్డుకునేది, వేశాను. ముందు ఆపు జరిగి డాలు పోతుంది, తర్వాత నిప్పులవాన కురిసి రాతిమనిషి పోతాడు. ఒకవేళ నిప్పులవాన వంతొచ్చేసరికే రాతిమనిషి ఇంకెట్లాగో చచ్చిపోయి ఉంటే మంత్రం వృథా, పెట్టిన శక్తి తిరిగి రాదు. "అన్నిటికన్నా ముఖ్యం, బదులుందా అని అడగటం. అడక్కుండా జరిపేస్తే అది దొంగాట" అని కిరణ్ అన్నయ్య గట్టిగా చెప్పాడు. వెళ్లేరోజు, వాళ్లింటికి కంప్యూటర్ వస్తోందని, పెట్టెతో పాటు నియమాల పుస్తకం కూడా నాకే వదిలేశాడు.

ఆడటానికి ఎవరూ లేరు. పెట్టెలో కార్డుల్ని రెండు భాగాలు చేసి, చాప మీద ఇటో భాగం అటో భాగం పెట్టి, నాతో నేనే ఆడుకునేదాన్ని. ఒక మంత్రం వేసి, "బదులుందా?" అని అడిగి, లేచి అటువైపు వెళ్లి కూర్చుని, చేతిలో కార్డులు చూసుకుని, "లేదు" అని చెప్పి, మళ్లీ ఇటొచ్చి కూర్చునేదాన్ని. ఘాటు తగలని గది అదొక్కటే కాబట్టి బడి నుంచి రాగానే పెదనాన్న గదిలోనే చాప వేసేదాన్ని. ఆయన నులకమంచం మీద పక్కకి తిరిగి పడుకుని చూస్తుండేవాడు. ఒకరోజు అట్లాగే అటువైపు కూర్చుని "లేదు" అన్నాను. మంచం మీంచి ఒక చెయ్యి కిందికొచ్చి, నా చేతిలోని మూడో కార్డుని వేలితో తట్టింది. డాలు. బదులుంది, నేనే చూసుకోలేదు. తలెత్తి చూస్తే పెదనాన్న కళ్లు నవ్వుతున్నాయి. చూస్తూ చూస్తూ ఆటంతా నేర్చేసుకున్నాడు.

ఆ రోజు నుంచి అటువైపు ఆయన. ఇంగ్లీషు చదవలేడు కాబట్టి మంత్రాలన్నిటికీ తెలుగు పేర్లు పెట్టి ఆయనకి చెప్పాను. నిప్పులవాన, డాలు, సుడిగాలి, తిరుగుబాటు, ఆపు. బొమ్మని బట్టి ఆయన గుర్తుపట్టేవాడు. మంత్రం వేయాలంటే కార్డు చూపించి వేలితో రెండుసార్లు తట్టేవాడు, నేనే దాని పేరు చెప్పేదాన్ని. నేను "బదులుందా?" అంటే ఆయన వెంటనే చెప్పేవాడు కాదు. గడ్డం గోక్కుంటూ నా మొహం వంక చూసేవాడు. బేరంలో ఎదుటివాడి ఓపిక పరీక్షించి పరీక్షించి నేర్చుకున్న నిదానం అది. తన చురుకు మంత్రాలు దాచుకుని, నేను శక్తంతా తిప్పేశాక నెమ్మదిగా బయటికి తీసేవాడు. వరసగా అయిదు రోజులు ఓడిపోయాను.

ఆరో రోజు నా రెక్కల పాము ఆయన ఆఖరి ప్రాణాల మీదికి వెళ్తుంటే ఆయన ఆపు తీసి తట్టాడు. నాకేమైందో తెలియదు. బడిలో ఆ రోజు ఎవరో ఏదో అని ఉండొచ్చు, అనకుండా కూడా ఉండొచ్చు. "పేరు నువ్వే చెప్పాలి పెదనాన్నా. పుస్తకంలో ఉంది" అన్నాను. ఆయన అర్థంకానట్టు చూశాడు. నియమాల పుస్తకం తెచ్చి, ఆయన చదవలేని ఆ ఇంగ్లీషు వాక్యం కింద వేలు పెట్టి, "ఇదిగో, మంత్రం వేసేవాళ్లే పేరు బిగ్గరగా చెప్పాలి అని రాశారు. చెప్పకపోతే చెల్లదు" అన్నాను. పుస్తకంలో నిజంగానే అట్లా ఉంది. బిగ్గరగా అన్న మాట మాత్రం నా చిన్న డిక్షనరీ ఇచ్చింది. ఆయన నా వేలున్న చోటుని కాసేపు చూశాడు. ఆపు కార్డుని మళ్లీ చేతిలో పెట్టుకున్నాడు. నేను గెలిచాను. గెలిచి సంతోషించాను కూడా. అది దాచి ప్రయోజనం లేదు.

మర్నాడు ఆయన ఆడడనుకున్నాను. ఆడాడు. వారం రోజులు ఒక్క మంత్రం కూడా వేయలేక, ఉత్త జీవులతోనే నెట్టుకొస్తూ రోజూ ఓడిపోయాడు. మెడ రంధ్రంలో పెట్టిన గొట్టం శుభ్రం చేయడానికి మస్తాన్ గారని ఊళ్లో కాంపౌండరు రెండు రోజులకోసారి వచ్చేవాడు. ఆయన ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు. "గాలి మింగాలండి సాంబయ్య గారూ. మింగిన గాలిని మాటగా బయటికి తోయాలి. ఆసుపత్రిలో నేర్పారుగా, రోజూ కాసేపు చేయండి." పెదనాన్న చెయ్యి ఊపి పంపించేసేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ప్రయత్నించాడని, తేన్పులాంటి ఆ చప్పుడు తనకే రోతగా ఉండి మానేశాడని పెద్దమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ వారం చివర ఒక మధ్యాహ్నం నేను సుడిగాలి వేసి, అలవాటుగా "బదులుందా?" అన్నాను. ఆయన కార్డు తీసి చాప మీద పెట్టాడు. గడ్డం లోపలికి లాక్కుని ఏదో మింగినట్టు చేశాడు. మెడ నరాలు పొంగాయి. "ఆపు" అన్నాడు.

మనిషి గొంతులా లేదది. నూతిలో బొక్కెన తగిలినట్టుంది. కానీ మాటే. నేను కదల్లేదు. ఆయన నా సుడిగాలి కార్డుని వేలితో దిబ్బలోకి తోసి, మెడ మీద గుడ్డ అదిమి పట్టుకుని, భుజాలు కదిలేలా చప్పుడు లేకుండా నవ్వాడు. తర్వాత పెదవుల మీద వేలు పెట్టి, పెద్దమ్మ వెళ్లిన చేను వైపు చూపించి, తల అడ్డంగా ఊపాడు. ఎవరికీ చెప్పొద్దని. చెప్పనన్నాను. అక్కణ్ణించి ఫాల్గుణం పొడుగునా మా ఇద్దరికీ అదొక సొంత లోకంలా నడిచింది. డాలు వచ్చింది. తిరుగుబాటు రాలేదు, "తిట్టు" దగ్గర ఆగిపోయేది, అదే చాలన్నాను. ఆ ఏడాది నన్ను బడిలో ఎవరూ పలకరించకపోవడం నేను పట్టించుకోవడం మానేశాను. సాయంత్రం ఇంటికెళ్తే ఊరంతటికీ వినపడని మాట నాకు వినపడుతుంది.

కాయలన్నీ గుంటూరు మార్కెట్ యార్డుకి వెళ్లిపోయి ఘాటు తగ్గాక, పెదకాకాని గుడికి వచ్చిన అల్లుడి తరఫు చుట్టాలు నలుగురు అట్నుంచటే భోజనానికి వచ్చారు. పెదనాన్నని చాలా రోజుల తర్వాత వసారాలో కూర్చోబెట్టాం. భోజనాలయ్యాక వాళ్లు ఆయన ఎదురుగానే ఆయన గురించి మాట్లాడుకున్నారు. "ఎట్లాంటి గొంతండీ, పాపం" అని ఒకావిడ. "ఇంకేముంది, రాయిలా కూర్చోవాల్సిందేగా జన్మంతా" అని బసవయ్య గారని ఒక పెద్దాయన. ఆ రాయి అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. "పెదనాన్న మాట్లాడతాడు!" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "నిజం. రోజూ నాతో మాట్లాడతాడు. పెదనాన్నా, ఆపు అను. ఒక్కసారి అను."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు బాగా తెలుసు. కోపం కాదు. బతిమాలుతున్నాడు. నేను మాత్రం "అను పెదనాన్నా, అను" అంటూనే ఉన్నాను. అందరూ ముందుకి వంగారు. ఆయన గాలి మింగాడు. మాట రాలేదు, పెద్ద తేన్పు వచ్చింది. బసవయ్య గారు, చెడ్డమనిషేం కాదు, వాతావరణం తేలిక చేద్దామనే కాబోలు, "భోజనం బాగా అరిగిందిరోయ్ సాంబయ్యకి!" అన్నాడు. వసారా అంతా గొల్లున నవ్వింది. నేను కూడా నవ్వాను. పదకొండేళ్ల పిల్లని, అందరూ నవ్వితే నవ్వొచ్చింది. కానీ ఆయన అందరి నవ్వులూ వదిలేసి నా నవ్వొక్కటే చూశాడు. గుమ్మంలో పెద్దమ్మ మజ్జిగ గిన్నెతో నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు చాప వేసి కార్డులు పంచాను. ఆయన తన భాగాన్ని తీసి, సమంగా పేర్చి, దారంతో కట్టి, నా పుస్తకాల సంచి మీద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఎన్ని రోజులు చాప వేసినా అంతే. గ్లాసు చప్పుడు ఒక్కటే మళ్లీ మిగిలింది. వేసవిలో అమ్మకి బదిలీ దొరికింది. వెళ్లేరోజు ఆయన మంచం దగ్గర నిలబడితే నా తల మీద చెయ్యి పెట్టాడు. ఒక్క మాటంటాడేమోనని బస్సు వేళ మించిపోతున్నా నిలబడ్డాను. అనలేదు. రెండేళ్ల తర్వాత ఆయన పోయినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. పరీక్షలని ఆలస్యంగా చెప్పారు, వెళ్లేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు నాది రోజంతా మాట్లాడే ఉద్యోగం, కాలేజీలో పాఠాలు. ఇంట్లో ఒక్కదాన్నే. మా క్లాసులో పిల్లలు అట్లాంటి ఆటలే ఫోన్లలో ఆడుతుంటారు. ఒకరోజు ఒక అబ్బాయిని అడిగి చూశాను. నియమాలన్నీ ఫోనే చూసుకుంటుంది. ఎవరి మంత్రం ముందు జరగాలో, శక్తి సరిపోతుందో లేదో అన్నీ అదే తేలుస్తుంది. పుస్తకం చూపించి ఎవర్నీ ఓడించే వీల్లేదు. బదులుందా అని మొహం చూసి అడగక్కర్లేదు, గడియారం తిరిగిపోతే లేనట్టే. ఎదుట ఎవరున్నారని అడిగితే, "తెలీదు మేడమ్, ఎవరో" అన్నాడు ఆ అబ్బాయి. మంచి ఏర్పాటే అనిపించింది. ఎవరికీ ఎవరి వల్లా అవమానం లేదు.

నాలుగో రోజు పెద్దమ్మ కంట్లో చుక్కలు వేసి, కట్టు సరిచేస్తూ, ఇంక ఉండబట్టలేక చెప్పేశాను. "పెద్దమ్మా, ఆ రోజు చుట్టాల ముందు పెదనాన్న పరువు తీసింది నేనే. ఎవరికీ చెప్పొద్దన్నాడు నన్ను. నా మూలంగానే ఆయన మళ్లీ మాట్లాడలేదు."

"మాట్లాడలేదని ఎవరు చెప్పారే నీకు?" అంది పెద్దమ్మ.

చుక్కల సీసా మూత నా చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వెళ్లిన ఏడాదే, శ్రావణం అనుకుంటా. పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నా. వెనకనించి 'ఉప్పు' అని వినపడింది. కూరలో ఉప్పు తక్కువైంది ఆ పూట. నేను తిరిగి చూడలా. చూస్తే మానేస్తాడని భయం. వెనక్కి చెయ్యి చాపి ఉప్పు గిన్నె అందించా. తీసుకున్నాడు. అంతే. అట్లా మొదలైంది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఏమైందో చూశాగా."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. "అమ్మాయికీ అల్లుడికీ కూడా చెప్పలా. గుమ్మంలో ఎవరైనా అడుగు పెడితే ఆయన గ్లాసు కొట్టేవాడు, నేను నీళ్లు తెచ్చేదాన్ని" అని నవ్వింది.

"ఏం మాట్లాడుకునేవాళ్లు?"

"ఏముంటాయే. కాపీ పెట్టు. తిను. పడుకో. ఒక్కోరోజు అదీ లేదు. పెళ్లయిన కాడ్నించి ఆయన నాతో అన్న మాటలన్నీ కేకలే. నాకంటే ముందు ఊరు వినేది వాటిని. ఆ రెండేళ్ల మాటలే నాకొక్కదానికి వినపడ్డవి."

ఒక మనిషి నోరు మూయించానన్న బరువు పాతికేళ్లుగా మోశాను, అది ఆ పూట దిగింది. దిగాక తెలిసింది, ఆయన మాట విన్నది నేనొక్కదాన్నే అన్న గర్వం కూడా ఇన్నాళ్లూ దాన్ని అంటిపెట్టుకునే ఉందని. అదీ పోయింది. పెద్దమ్మ కంటికి కట్టు ఉండటం మంచిదైంది, నా మొహం ఆవిడకి కనిపించలేదు.

మర్నాడు ఆవిణ్ణి ప్రత్తిపాడులో దింపి తిరిగొచ్చాను. కాలేజీకి సెలవు. ఆవిడ మడతపెట్టి వెళ్లిన దుప్పటి తీసి బీరువాలో పెట్టాను, అన్నం వండుకుని పండుమిరప పచ్చడితో తిన్నాను. తెల్లవారి పాలావిడ తలుపు కొట్టేదాకా నేను నోరు తెరిచి ఒక్క మాట అనాల్సిన అవసరం రాలేదు.